నంబరు ప్లేటుతో వైద్యసాయం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో, వర్జీనియాలో ఉంటుంది. కారు నంబరు ప్లేటు మీద ఆరోగ్య సంస్థ గుర్తు ఉన్నది తీసుకుంటే ఏడాదికి 25 డాలర్లు ఎక్కువ కట్టాలట. ఆ డబ్బు రోగులకు పోతుందంటోంది. నిజంగా ఎంత చేరుతుంది?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ ప్లేటు ఇప్పటికి ఎన్ని బండ్లకు ఉందో ముందు కనుక్కోమనండి. వర్జీనియాలో లెక్కంతా దానిమీదే నడుస్తుంది. అక్కడ కొత్త ప్లేటు మొదలుపెట్టాలంటే కనీసం 450 మంది ముందుగా డబ్బు కట్టాలి. మొదలయ్యాక కూడా తొలి 1,000 ప్లేట్ల రుసుమును రాష్ట్రమే ఉంచుకుంటుంది. ఆ సంఖ్య దాటాకే ఒక్కో ప్లేటు మీద వచ్చే 25 డాలర్లలో 15 సంస్థకు పోతాయి. పైగా అక్కడి ప్లేట్లన్నీ వాటా ఇచ్చే రకం కావు. కొన్ని కేవలం గుర్తు కోసమే. మీ అమ్మాయి అడగాల్సిన రెండో ప్రశ్న అది.

మిగతా రాష్ట్రాల్లో పద్ధతులు వేరు. టెక్సాస్‌లో ఏడాదికి 30 డాలర్లు కడితే 22 నిర్దేశించిన పనికి వెళ్తాయి. ఇండియానాలో రొమ్ము క్యాన్సర్ ప్లేటుకు 40 కడితే 25 ఆ ట్రస్టుకు, 15 కార్యాలయ ఖర్చులకు. కాలిఫోర్నియాలోనైతే 7,500 మంది ముందుగా డబ్బు కట్టేదాకా ప్లేటు తయారీయే మొదలుకాదు. చిన్న సంస్థలు చాలావరకు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతాయి.

సంస్థకు వెళ్లిన సొమ్మంతా మందులకే ఖర్చవుతుందని అనుకోవద్దు. అవగాహన శిబిరాలకు, పరీక్షలకు, పరిశోధనకు కూడా పోతుంది. ఆ ఖర్చులూ అవసరమైనవే, కానీ రోగికి నేరుగా సాయం అందాలన్నది మీ అమ్మాయి ఉద్దేశమైతే సంస్థ వార్షిక నివేదిక చూసి నిర్ణయించుకోవాలి. ఈ ప్లేట్ల అసలు బలం మరొకటుంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌తో పాటే ఆ రుసుమూ మళ్లీ కట్టాల్సి వస్తుంది కాబట్టి దాత మరిచిపోయే వీలుండదు.

ప్రశ్న: నా స్కూటరు నంబరు ప్లేటు మూలలో రొమ్ము క్యాన్సర్ అవగాహన గుర్తయిన గులాబీ రిబ్బను స్టిక్కరు అంటించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: వద్దు. మన ప్లేటు రూపం కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 50వ నియమం ప్రకారం ఉండాలి. హై సెక్యూరిటీ ప్లేటు మీద అశోకచక్రం హోలోగ్రామ్, లేజరుతో చెక్కిన సంఖ్య ఉంటాయి. స్టిక్కరు వాటిమీద పడితే ప్లేటు అసలుదో కాదో తేల్చలేరు. మొదటిసారి పట్టుబడితే 500 రూపాయలు, మళ్లీ అయితే 1,500 దాకా జరిమానా పడుతుంది. పక్క ప్యానెల్ మీద అంటించుకోండి. హెల్మెట్ మీద మాత్రం వద్దు, కొన్ని రకాల జిగురు దాని పెంకును బలహీనపరుస్తుంది.

ప్రశ్న: మాది డయాలసిస్ రోగుల కుటుంబాల సంఘం. ఫ్యాన్సీ నంబర్ల వేలంలో వచ్చే డబ్బులో కొంత జిల్లా ఆసుపత్రులకు ఇమ్మని అడగవచ్చా? అమెరికా తరహా ప్లేట్లు ఇక్కడ పెట్టించగలమా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ప్లేటు రూపం కేంద్రం చేతిలో ఉంది, దాన్ని రాష్ట్రం మార్చలేదు. ఫ్యాన్సీ నంబరు రుసుము రాష్ట్రానిది కాబట్టి అడగడంలో తప్పులేదు. కానీ ఆ డబ్బు ఖజానాలో కలిసిపోతుంది. ఆసుపత్రులకు విడిగా ఇవ్వాలంటే ప్రభుత్వం జీవో తేవాలి, బడ్జెట్‌లో చూపాలి. రవాణా శాఖకూ మీ ఎమ్మెల్యేకూ వినతిపత్రం ఇవ్వండి. ఆ ఫలితం కోసం మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

ఏటేటా తప్పకుండా కట్టడమనే పద్ధతిని మీరే పెట్టుకోవచ్చు. ప్రతి సభ్యుడూ తన బండి బీమా కట్టే నెలలోనే సంఘం ఖాతాకు 2,000 పంపేలా యూపీఐ ఆటోపే పెట్టించండి. వందమంది చేరితే ఏడాదికి 2 లక్షలు. నెలలు వేరువేరు కాబట్టి డబ్బు ఏడాది పొడుగునా వస్తూ ఉంటుంది.

ఇక ఖర్చు సంగతి. దాతలందరూ యంత్రం కొనిచ్చి దానిమీద పేరు రాయించుకోవాలని చూస్తారు. యంత్రం తిరగాలంటే నీళ్లు కావాలి. డయాలసిస్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్ల ద్రావణం పారుతుంది, అంటే 4 గంటల సెషన్‌కు 120 లీటర్లు. అదంతా ఆర్వో నీళ్లతోనే కలపాలి. ఆర్వో వదిలేసే నీటిని కలుపుకుంటే బోరు నుంచి ఇంకా ఎక్కువే తోడాలి. మన జిల్లాల బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువ, అనంతపురం వైపు ఫ్లోరైడ్ కూడా ఉంది. నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్‌లో ఉప్పు వేయడం నిర్లక్ష్యం చేస్తే ఆర్వోలో నీటిని వడకట్టే మెంబ్రేన్లు పొరలు కట్టి మూసుకుపోతాయి. శుద్ధి సరిగా జరగని నీటిలో అల్యూమినియం మిగిలితే రోగి ఎముకలకూ మెదడుకూ హాని. అందుకే ముందు ఫిల్టర్ కార్ట్రిడ్జ్‌లు, సాఫ్ట్‌నర్ ఉప్పు, మెంబ్రేన్లు, నీటి పరీక్ష ఖర్చులు భరించండి. చూసేవాళ్లకు కనబడదు గానీ, యూనిట్ ఆగకుండా నడిచేది వీటితోనే.

సూపరింటెండెంట్‌ను కలిసి, ఏం కావాలో ఆసుపత్రి అభివృద్ధి సంఘం ద్వారా రాతపూర్వకంగా తీసుకోండి. మీరు కొన్నది స్టాకు రిజిస్టరులో ఎక్కిందా చూసుకోండి. యంత్రమే ఇవ్వాల్సి వస్తే గ్యారంటీ తర్వాత మరమ్మతు ఒప్పందం డబ్బు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోండి. అది తేలక మూలనపడ్డ యంత్రాలు చాలా ఉంటాయి.

ప్రశ్న: డబ్బు ఇవ్వలేను. బండి కాగితాల ద్వారా ఇంకేదైనా సాయం చేయొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: చేయొచ్చు. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో, ప్రమాదంలో మరణిస్తే అవయవదానానికి సమ్మతమా అన్న ప్రశ్న ఉంటుంది, దానికి అవునని రాయండి. అవయవ మార్పిడి వ్యవహారాలు చూసే జాతీయ సంస్థ నోటో వెబ్‌సైటులో ఆధార్‌తోనూ ప్రతిజ్ఞ నమోదు చేసుకోవచ్చు. ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

అయితే కాగితం ఒక్కటే చాలదు. మెదడు శాశ్వతంగా పనిచేయడం మానేసిన స్థితిని, అంటే బ్రెయిన్ డెత్‌ను, వైద్యుల బోర్డు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తుంది. ఆ తర్వాత కూడా కుటుంబం ఒప్పుకోవాలి. ఆ సమయంలో భార్యో కొడుకో వద్దంటే మీ ప్రతిజ్ఞ పక్కన పడిపోతుంది. దరఖాస్తు నింపే రోజే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మీ నిర్ణయం చెప్పండి. మన రాష్ట్రంలో ఈ పనులు చూసేది జీవన్‌దాన్, ఆ సంగతి కూడా వాళ్లకు తెలిసి ఉండాలి.