ముందు కెమెరా ఫైల్ చూడండి, తర్వాతే కొటేషన్

ప్రశ్న: సార్, మాది తిరుపతి. తిరుచానూరు రోడ్డులో చిన్న స్టూడియో ఉంది, పెళ్లి వీడియోలు చేస్తాను. సోనీ కెమెరాలో 4కే తీస్తున్నాం, సెట్టింగ్ 4:2:2 10 బిట్. ఎడిటింగ్ ప్రీమియర్ ప్రోలో. పాత కంప్యూటర్‌లో టైమ్‌లైన్ ఆగి ఆగి నడుస్తోంది, ముహూర్తాలు మొదలైతే టెన్షన్‌తో నిద్ర ఉండడం లేదు. 2 లక్షల్లో కొత్తది కట్టించాలనుకుంటే షాపాయన రైజెన్ 9 9950ఎక్స్, 32 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4060 అని కొటేషన్ ఇచ్చాడు. తీసుకోవచ్చా?

జవాబు: అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఆగండి. షాపాయన మిమ్మల్ని మోసం చేశాడని కాదు, ఆ 9950ఎక్స్ 16 కోర్ల మంచి ప్రాసెసర్, కానీ మీ కెమెరా నుంచి ఏ ఫైల్ వస్తుందో ఆయన అడగలేదు, మీరూ చెప్పి ఉండరు.

మీ బాధ ఎక్కడుందో చూడండి. 4:2:2 అంటే ప్రతి చుక్కకూ వెలుగు విడిగా నమోదవుతుంది, రంగు మాత్రం పక్కపక్కనున్న రెండు చుక్కలకు కలిపి ఒకటి. మామూలు 4:2:0 లో పై వరుసకూ కింది వరుసకూ కూడా కలిపి ఒకే రంగు. ఎర్ర కంచిపట్టు మీద జరీ అంచు దగ్గర రంగు పాకకుండా నిలబడాలంటే, తర్వాత కలర్ గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) చేసుకోవాలంటే 4:2:2 మంచిదే, దాన్ని వదులుకోమని నేను చెప్పను. చిక్కు ఏంటంటే కుదించి ఉన్న ఆ ఫైల్‌ను విప్పే సర్క్యూట్ అన్ని గ్రాఫిక్స్ కార్డుల్లో లేదు. ఎన్విడియాలో 40 సిరీస్ వరకూ లేదు (మీ కొటేషన్‌లోని 4060 అందులోదే), 2025 లో వచ్చిన 50 సిరీస్‌తోనే మొదలైంది. రైజెన్ లోపలుండే చిన్న గ్రాఫిక్స్‌లోనూ లేదు. అంటే ఆ కొటేషన్ ప్రకారం కట్టిస్తే ఫైల్ విప్పే పనంతా ప్రాసెసర్ కోర్ల నెత్తిన పడుతుంది, మూడు కెమెరాల మల్టీక్యామ్ పెట్టగానే 2 లక్షల కంప్యూటర్ కూడా మళ్లీ తడబడుతుంది.

ఇది నా మాట మీద నమ్మొద్దు, ఈ రాత్రే చూసుకోండి. మీడియాఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ఒక క్లిప్ వేయండి. ఫార్మాట్ దగ్గర ఏవీసీ అంటే హెచ్.264, హెచ్‌ఈవీసీ అంటే హెచ్.265, రెండూ వీడియోను కుదించే పద్ధతులే. క్రోమా సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:2:2 కనిపిస్తుంది. తర్వాత టైమ్‌లైన్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీ తెరిచి వీడియో డీకోడ్ గీత చూడండి. ఆ గీత నేలకు అతుక్కుపోయి, పక్కన సీపీయూ (ప్రాసెసర్) 100 శాతం దగ్గర ఊగుతుంటే నేను చెప్పిందే మీ జబ్బు.

హెచ్.265 అయితే రెండు దారులు. ఇంటెల్ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో వీడియో విప్పే భాగం, క్విక్ సింక్ అంటారు, ఈ 4:2:2 ని 11వ తరం నుంచీ విప్పుతోంది, కాబట్టి కోర్ అల్ట్రా 7 265కే ప్రాసెసర్ తీసుకోవచ్చు. పేరు చివర 'ఎఫ్' ఉన్న రకం మాత్రం వద్దు, కొంచెం తక్కువకు వస్తుంది కానీ అందులో లోపలి గ్రాఫిక్స్ ఉండదు, అది లేకపోతే క్విక్ సింక్ కూడా లేనట్టే. రెండో దారి 50 సిరీస్ కార్డు. హెచ్.264 లో 4:2:2 తీస్తున్నట్లయితే ఈ రెండోదే నమ్మకమైన దారి. మీ బడ్జెట్‌లో నేనైతే 265కే ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ రకం కలిపి కట్టిస్తాను. అదే కార్డు 8 జీబీలో కూడా వస్తుంది, బిల్లులో 16 అని రాయించుకోండి. రైజెనే కావాలంటే తప్పేమీ లేదు, రైజెన్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌కు 2027 దాకా సపోర్ట్ ఉంటుందని దాని కంపెనీ ఏఎమ్‌డీ చెప్పింది, రేపు మదర్‌బోర్డు మార్చకుండా ప్రాసెసర్ మార్చుకోవచ్చు, కార్డు మాత్రం 50 సిరీస్‌దే ఉండాలి.

ర్యామ్ 64 జీబీ పెట్టండి, ఇప్పుడు ధరలు మండుతున్నాయి, తెలుసు, అయినా ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగి అయినా పెట్టండి. 32 చొప్పున రెండు స్టిక్కులే తీసుకోండి. నాలుగు స్లాట్లూ నింపితే వేగం పడిపోతుంది: రైజెన్ 9000 కి రెండు స్టిక్కులతో అధికారిక వేగం 5600, నాలుగైతే 3600. "ఇప్పుడు 16 లు రెండు, తర్వాత ఇంకో రెండు" అనే సలహా ఇప్పటి ర్యామ్ రకం డీడీఆర్5 కి పనికిరాదు.

విండోస్‌కు ఒక ఎన్‌వీఎమ్ఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ), నడుస్తున్న పెళ్లికి 2 టీబీది ఇంకోటి. అయిపోయిన పెళ్లిళ్లు పెద్ద హార్డ్ డిస్క్‌లోకి, దాని కాపీ ఇంట్లో ఇంకో డిస్క్‌లోకి.

పవర్ సప్లై దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ చెబుతాను. 2019 లో నేను క్యాబినెట్‌తో పాటు వచ్చిన పవర్ సప్లైనే సరిపెట్టుకున్నాను. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చినప్పుడు టప్‌మని శబ్దం, కాలిన వాసన, అది పోతూ పోతూ హార్డ్ డిస్క్‌ను కూడా తీసుకుపోయింది. మా అక్క కూతురి నిశ్చితార్థం ఫొటోలు అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా బాధ. మీ దగ్గర ఉండేవి ఊరందరి పెళ్లిళ్లు. 750 వాట్లది, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్ర) ఉన్నది, పేరున్న కంపెనీది విడిగా కొనండి.

దాని వెనకాలే యూపీఎస్. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది, మీ మెషీన్ ఎక్స్‌పోర్ట్‌లో ఉన్నప్పుడు అది ఒక్కసారి కీచుమని చచ్చిపోతుంది. పెట్టె మీద వీఏ కాదు, వాట్లు చూడండి, కనీసం 800 ఉండాలి, ప్యూర్ సైన్ వేవ్ (గోడ కరెంటులాగే సాఫీగా ఇచ్చేది) అయితే మరీ మంచిది. క్యాబినెట్‌కు చెయ్యి తగిలితే జుమ్మంటుంటే ఎర్తింగ్ లేదని అర్థం, కొత్త మెషీన్ పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

వేడి సంగతి మన ఊళ్లో వేరే చెప్పాలా! మే నెలలో బయటే 42 డిగ్రీలు ఉంటే లోపల ప్రాసెసర్ కూలర్ ఏం చేస్తుంది, గది గాలి కంటే చల్లగా చేయలేదు కదా. ముందు భాగం అద్దంతో మూసేసిన క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది, మనకు జాలీ ఉన్నదే కావాలి. ప్రాసెసర్‌కు ఫ్యాన్‌తో నడిచే మంచి ఎయిర్ కూలర్ చాలు. ఇంకో మాట, చాలా స్టూడియోల్లో చూశాను, స్వామి పటం కింద అగరొత్తులు, సరిగ్గా దాని కింద కంప్యూటర్. ఆ పొగ మసి దుమ్ముతో కలిసి ఫ్యాన్ రెక్కల మీద జిడ్డుగా పేరుకుంటుంది, ఊదితే పోదు, గుడ్డతో తుడవాలి. పటం అక్కడే ఉండనీండి, క్యాబినెట్ ఇంకో గోడకు జరపండి.

చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి కొంటే కొంత మిగలొచ్చు, పొద్దున రైలెక్కి వెళ్లేవాళ్లు మనలో చాలామందే. వెళ్లండి, కానీ ప్రతి పార్టు సీరియల్ నంబరు బిల్లులో ఉండాలి, వారంటీకి మళ్లీ అక్కడికే మోయాలా, తిరుపతిలో ఇచ్చేయొచ్చా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. మదర్‌బోర్డు సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఉంటుంది, పారేయకండి, అది లేకపోతే వారంటీలో తీసుకోం అని కొందరు మొండికేస్తారు.

ప్రశ్న: మేడమ్/సార్, నేను చిత్తూరులో ఇళ్ల ప్లాన్లు గీస్తాను, రెవిట్ వాడతాను. ఎక్కువ కోర్లు ఉంటే ఫైల్ త్వరగా తెరుచుకుంటుందా?

జవాబు: పెద్దగా తేడా ఉండదమ్మా. రెవిట్‌లో చాలా పనులు ఒకే కోర్ మీద నడుస్తాయి. ఒక్కో కోర్ వేగంగా ఉన్న 8 కోర్ల ప్రాసెసర్, రైజెన్ 7 9700ఎక్స్ లాంటిది, మీకు సరిపోతుంది. కస్టమర్‌కు ఇంటి వాక్‌త్రూ చూపించాలంటే అప్పుడు భారం గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, మిగిలిన డబ్బు అక్కడ పెట్టండి.

ప్రశ్న: ఏర్పేడు దగ్గర రీసెర్చ్ చేస్తున్నాను. మా ప్రోగ్రామ్ రోజుల తరబడి ఆగకుండా నడుస్తుంది. డీడీఆర్5 లో ఈసీసీ (మెమరీలో తప్పులు దిద్దే ఏర్పాటు) ఎలాగూ ఉందంటున్నారు, వేరే కొనాలా?

జవాబు: కొనాలి. డీడీఆర్5 లో అందరికీ వచ్చేది చిప్ లోపల తప్పులు దిద్దుకునే ఏర్పాటు. చిప్ నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో బిట్ తిరగబడితే, అంటే 0 కాస్తా 1 అయితే, దానికి తెలియదు. అసలు ఈసీసీ స్టిక్కులు విడిగా ఉంటాయి, రైజెన్ డెస్క్‌టాప్‌లో కూడా పెట్టుకోవచ్చు, కాకపోతే మదర్‌బోర్డు ఒప్పుకోవాలి. ఆ బోర్డు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకుని ఈసీసీ అన్న మాట మెమరీ పేజీలో ఉందో లేదో మీ కళ్లతో చూశాకే మీ గైడ్‌గారి దగ్గర కొనడానికి సంతకం పెట్టించుకోండి.