చీటీ పాడే ముందు సీటు సంగతి చూడండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సైకాలజీ చేసి, తిరుపతిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. జీతం 23,000. హాస్టలు, నా ఖర్చులకు 11,000 పోతుంది, ఇంటికి 5,000 పంపిస్తాను. రెండు లక్షల చీటీ ఒకటి ఉంది. 40 నెలలు, నెలకు 5,000 లోపు, ఇప్పటికి 16 కట్టాను. ఎఫ్‌డీలో 1,20,000 ఉంది. నాన్నకు రెండెకరాల తోతాపురి మామిడి తోట, అమ్మ పాలు పోస్తుంది. వచ్చే ఏడాది క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల కోర్సు చేయాలని ఉంది. నేను చూసిన ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు ఏడాదికి 2 లక్షలు. ముందే 50,000 ఇస్తే ఎం.ఫిల్. సీటు ఖాయం చేస్తానని ఒకాయన అంటున్నాడు. చీటీ పాడేయమంటారా, అమ్మ ఆరు సవర్ల బంగారం కుదువ పెట్టమంటారా, లోన్ తీసుకోమంటారా? ఇదంతా ఎందుకు, 45,000కు ఆన్‌లైన్ డిప్లొమా ఉందిగా అని ఫ్రెండ్స్ అంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. దాని కంటే ముందు ఆ డబ్బుతో ఏం కొంటున్నారో చూద్దాం. మీరు కొనేది పట్టా కాదు, రిజిస్ట్రేషన్. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం క్లినికల్ సైకాలజిస్టు అంటే ఎవరో స్పష్టంగా చెప్పింది. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఆమోదించిన సంస్థలో గుర్తింపు ఉన్న అర్హత పొందినవాళ్లే ఆ పేరు పెట్టుకోగలరు. కోర్సు అయ్యాక ఆర్‌సీఐ కేంద్ర రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. ఎక్కకపోతే ఎన్ని లక్షలు పోసి చదివినా మీరు ఇప్పుడున్న చోటే ఉంటారు, కాకపోతే నెత్తిన అప్పుతో.

ఈ లెక్కన ఆన్‌లైన్ డిప్లొమా సంగతి తేలిపోయింది. సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని 2025 జులై-ఆగస్టు బ్యాచ్ నుంచి యూజీసీ ఆపేసింది. ఆసుపత్రిలో రోగుల దగ్గర కూర్చుని, పెద్దవాళ్ల పర్యవేక్షణలో నేర్చుకునే చదువు ఇది. ఫోన్లో వీడియోలు చూసి వచ్చేది కాదు. ఆ 45,000 ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.

ఇక ఆ 50,000 పెద్దమనిషి. ఎం.ఫిల్.ను యూజీసీ 2022 నిబంధనల్లోనే తీసేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం గడువు పొడిగించి, 2025-26 చేరికలతో ఆఖరు అంది. వచ్చే ఏడాదికి ఎం.ఫిల్. సీటు అంటున్నాడంటే, ఆ సంస్థకు ఆ బ్యాచ్‌కు ఆర్‌సీఐ ఇచ్చిన అనుమతి కాగితం చూపించమనండి. అనుమతి సంస్థకూ కోర్సుకూ విడివిడిగా, ఫలానా ఏళ్లకని ఇస్తారు. నిరుటి కాగితం పనికిరాదు. ఆమోదం ఉన్న సంస్థల జాబితా ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఎం.ఫిల్. స్థానంలో ఇప్పుడు రెండేళ్ల ఎం.ఏ. క్లినికల్ సైకాలజీ, సై.డి. (సైకాలజీలో డాక్టరేట్) లాంటివి వచ్చాయి. మీ ఎమ్మెస్సీ, మీ మార్కుల శాతం దేనికి సరిపోతాయో ఒక్కో సంస్థ ప్రాస్పెక్టస్‌లో చదివాకే అప్లికేషన్ ఫీజు కట్టండి. మళ్లీ ఇంకో పీజీనా అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపిస్తోంది, కానీ దారి అలా మారింది.

డబ్బు కట్టాల్సి వస్తే యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, రశీదు తీసుకోండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం చేరికల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు సీటు వదులుకుంటే కట్టిన ఫీజంతా తిరిగి ఇవ్వాలి. ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ 5,000 మించకుండా, పట్టుకోవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ వెనక్కి వచ్చేది 90, 80, 50 శాతంగా తగ్గి, ఆఖరి తేదీ దాటి నెలయ్యాక ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా వాళ్ల దగ్గర ఆపి ఉంచుకోకూడదు. మధ్యవర్తి చేతిలో పెట్టిన నోట్లకు ఈ రక్షణ ఏదీ ఉండదు.

సరే, మంచి సీటే వచ్చిందనుకుందాం. ఖర్చు ఎంత అంటే అందరూ ఫీజు నాలుగు లక్షలు అంటారు. ఉండటానికి, తినడానికి తిరుపతిలో ఉన్నా ఇంకో ఊళ్లో ఉన్నా అవుతుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టినా, పోయే జీతాన్ని మాత్రం లెక్కలో వేయాలి. నెలకు 23,000 చొప్పున రెండేళ్లకు 5,52,000. ఫీజుతో కలిపి 9,52,000. చదువు అయ్యాక ఇప్పటికంటే నెలకు 15,000 ఎక్కువ వచ్చినా ఇది పూడటానికి అయిదేళ్లు దాటుతుంది. అందుకని మానేయమని కాదు. మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాలు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రాలు, మేధో వైకల్య సర్టిఫికెట్లకు కావలసిన ఐక్యూ పరీక్షలు, వీటన్నిటికీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే కావాలి. ఇప్పటి ఉద్యోగంలో ఆ తలుపులు తెరుచుకోవు. ఒక్కటే గుర్తుంచుకోండి, బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థల్లో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. అలాంటి చోట సీటు వస్తే ఈ లెక్కంతా మారిపోతుంది. వాటి ఎంట్రన్స్‌కు ఇంకో ఏడాది చదవాల్సి వచ్చినా నష్టం లేదు, జీతం వస్తూనే ఉంటుంది కదా.

ఇప్పుడు చీటీ. ఇప్పుడే పాడితే, పాట 50,000కి పోయిందనుకోండి, చేతికి లక్షన్నర వస్తుంది. చివరిదాకా ఆగితే కమీషన్ నూటికి అయిదు పోను 1,90,000. అంటే తొందరపడినందుకు 40,000 పోతుంది. అసలు చిక్కు అది కూడా కాదు. పాడుకున్నాక ఇంకా 24 వాయిదాలు కట్టాలి, ఉద్యోగం మానేశాక జీతం ఉండదు. పాట సొమ్ము ఇచ్చేటప్పుడు కంపెనీ మీ దగ్గర జామీనుదారుల సంతకాలు తీసుకుంటుంది. మీరు కట్టకపోతే వాళ్ల జీతం మీదికి వెళ్తుంది. స్టాఫ్ రూములో మీ పక్కన కూర్చునే లెక్చరరే జామీను ఉంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కోర్సులో చేరేనాటికి ఎటూ ఏడాది గడుస్తుంది. అప్పటికి 28 వాయిదాలు అయిపోతాయి, పాట కూడా బాగా దిగుతుంది. 20,000కి పోయిందనుకుంటే చేతికి 1,80,000. ఆ రోజే మిగిలిన 12 వాయిదాలకు 60,000 తీసి వేరే ఖాతాలో వేసేయండి. దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 1,20,000, మీ ఎఫ్‌డీ 1,20,000, రెండూ కలిపితే నెలకు 10,000 చొప్పున రెండేళ్ల తిండికి, హాస్టలుకు సరిపోతుంది. ఇప్పుడు అయ్యే 11,000లో ఒక వెయ్యి తగ్గించుకోవాలి, అంతే.

ఫీజుకు మాత్రం విద్యా రుణమే. నాలుగు లక్షల వరకు బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగవు, మన వాటా కూడా అడగవు, అమ్మనో నాన్ననో సహ రుణగ్రహీతగా పెట్టుకుంటాయి. విద్యాలక్ష్మి పోర్టల్లో అప్లై చేయండి. మీ సంస్థ కేంద్రం పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీకి అవకాశం ఉంది. మేనేజ్‌మెంట్ కోటాకు అది వర్తించదు. ఆ 50,000 ఆయన మాట వినకపోవడానికి ఇంకో కారణం.

వడ్డీ 10 శాతం అనుకుని లెక్క చూద్దాం. ఏడాదికి రెండు లక్షల చొప్పున తీసుకున్నారు. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలు ఉండవు. ఆ మూడేళ్లూ ఏమీ కట్టకపోతే వడ్డీ లక్ష అవుతుంది, అప్పు అయిదు లక్షలకు చేరుతుంది, ఏడేళ్లకు ఈఎంఐ సుమారు 8,300. అదే మొదటి ఏడాది నెలకు 1,670, తర్వాత 3,330 చొప్పున వడ్డీ కడుతూ వస్తే ఈఎంఐ 6,640 దగ్గరే ఆగుతుంది. చదువుకునేటప్పుడే వడ్డీ కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం తగ్గిస్తాయి కూడా, అడగండి. ఈ వడ్డీని అమ్మ పాల బిల్లులోంచి కట్టగలరా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన మాట. మీరు పంపే 5,000 కూడా రెండేళ్లు ఆగుతుందని వాళ్లకు ఇప్పుడే చెప్పండి. సీటు వచ్చాక చెబితే సంతోషంలో సరేనంటారు, ఇబ్బంది తర్వాత మొదలవుతుంది.

రెండో ఏడాది ఫీజుకు నాన్న తోట ఉందిలే అనుకోవద్దు. 2025లో తోతాపురికి కిలో 12 రూపాయలన్నారు, అందులో 4 రూపాయలు ప్రభుత్వ సబ్సిడీ. మీ జిల్లాలో ఆ సీజన్ ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాయ డబ్బు వస్తే అప్పులో కొంత ముందుగా తీర్చేయండి, రాకపోయినా ఫీజు ఆగకూడదు.

అమ్మ బంగారం జోలికి వెళ్లకండి, ఒక్క సందర్భంలో తప్ప. సీటు వచ్చాకే బ్యాంకు లోన్ మంజూరు చేస్తుంది, యూనివర్సిటీ మాత్రం వారం లోపల ఫీజు కట్టమంటుంది. ఆ మధ్యలో నెల రోజులకు రెండు గాజులు బ్యాంకులో పెట్టి, లోన్ రాగానే విడిపించుకుంటే తప్పులేదు. ముందే మేనేజరుతో మాట్లాడి, మనం కట్టిన ఫీజుకు రశీదు చూపిస్తే లోన్‌లోంచి తిరిగి ఇస్తారో లేదో కనుక్కోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో మాత్రం తేవద్దు, ఏడాదికి 24 శాతం అది.

విద్యా రుణం వడ్డీపై ఆదాయపు పన్నులో దొరికే 80ఇ మినహాయింపు గురించి ఎవరైనా ఊరిస్తే వదిలేయండి. కొత్త పన్ను విధానంలో అది లేదు, మీ జీతానికి పన్నూ పడదు.

నెలకు మీకు మిగిలే రెండు వేలూ, చీటీ డివిడెండూ అప్లికేషన్లకు పెట్టండి. ఫీజు, రానుపోను టికెట్టు, ఒక రాత్రి బస కలిపి చోటుకు మూడు నాలుగు వేలు వేసుకోండి. ఆరు చోట్లకు మించొద్దు. చిత్తూరు నుంచి బెంగళూరుకు పొద్దున బస్సెక్కితే పరీక్ష రాసి రాత్రికి ఇంటికొచ్చేయవచ్చు, సికింద్రాబాద్‌కు తిరుపతి నుంచి రాత్రి రైళ్లున్నాయి. కాలేజీలో రాజీనామా మాట మాత్రం లోన్ మంజూరు లెటర్ చేతికి వచ్చేదాకా ఎత్తకండి. కౌన్సెలర్‌గా పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పుడే, సంబంధాలు బాగున్నప్పుడే, తీసిపెట్టుకోండి. ఇంటర్వ్యూల్లో అడుగుతారు.