మొదటి మ్యాప్ గెలిచిన టీమ్‌నే రెండో మ్యాప్‌లోనూ కొనొచ్చా?

కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఐదుగురేసి ఆడే తుపాకుల వీడియో గేమ్‌లో మూడు మ్యాప్‌ల (ఆట జరిగే మైదానాల) సిరీస్ జరుగుతున్నప్పుడు, మొదటి మ్యాప్‌ని ఊపుగా గెలిచిన టీమ్‌నే రెండో మ్యాప్ మార్కెట్‌లో కొంటే లాభమేనా అని అడిగారు. నేను టెక్సస్‌లో ఉంటూ ఏడాదికి పైగా ఈ మ్యాప్ కాంట్రాక్టులే (ఎంచుకున్న టీమ్ ఆ మ్యాప్ గెలిస్తే ఒక డాలరు, ఓడితే సున్నా ఇచ్చేవి) ట్రేడ్ చేస్తున్నాను. నా అనుభవంలో ఎక్కువ డబ్బు పోయింది సరిగ్గా ఆ ఆలోచన వల్లే.

2024 మార్చి 31న జరిగిన కోపెన్‌హేగన్ మేజర్ అనే పెద్ద టోర్నమెంట్ ఫైనల్ చూడండి. ఏన్షెంట్ మ్యాప్‌లో నావీ 13-9తో ఫేజ్‌ని ఓడించింది. తర్వాత మిరాజ్‌లో అదే నావీకి దక్కింది 2 రౌండ్లే, ఫేజ్ 13 కొట్టేసింది. ఇక నావీ పని అయిపోయిందనుకునే సమయానికి ఇన్‌ఫెర్నోలో 13-3తో గెలిచి కప్పు పట్టుకుపోయింది. అదే పదిమంది, అదే స్టేజీ, ఒకే రోజు. ఒక మ్యాప్ స్కోరు పక్క మ్యాప్ గురించి చెప్పేది చాలా తక్కువ.

దానికి కారణం వీటోలో, అంటే మ్యాచ్‌కి ముందు మ్యాప్‌లు ఎంచుకునే పద్ధతిలో ఉంది. ఎంచుకోవాల్సిన పూల్‌లో 7 మ్యాప్‌లుంటాయి. రెండు టీమ్‌లూ చెరొకటి బ్యాన్ చేసి, చెరొకటి పిక్ చేసుకుని, మళ్లీ చెరొకటి బ్యాన్ చేస్తే మిగిలేది డిసైడర్, అంటే చెరొకటి గెలిస్తే ఆడే మూడో మ్యాప్. అంటే మొదటిది ఒకరికి ఇష్టమైన మ్యాప్, రెండోది అవతలివాళ్లకి ఇష్టమైనది. మొదటిది ఓడినవాళ్లు ఇప్పుడు సొంత గడ్డ మీద ఆడబోతున్నారన్నమాట. జనం మాత్రం గెలిచిన ఊపు చూసి కొంటారు, ధర పెరిగిపోతుంది. నాకు ఏమైనా మిగిలిందంటే అలాంటప్పుడు అవతలి టీమ్‌ని కొన్నప్పుడే.

వీటో అయిపోగానే నేను చేసే లెక్క ఒకటుంది. ఒక టీమ్‌కి మ్యాప్ ధరలు 70, 45, 55 సెంట్లు అనుకోండి. ధరనే గెలిచే శాతంగా తీసుకుంటే, మొదటి రెండూ వరుసగా గెలవడం 31.5 శాతం. ఒక్కటే గెలిచి డిసైడర్‌కి వెళ్లి నెగ్గడం 28.6. మొత్తం 60. అదే టీమ్ సిరీస్ ధర 66 చూపిస్తోందంటే ఆ రెండు మార్కెట్లలో ఏదో ఒకటి తప్పు. ఏది తప్పో తేల్చుకోవడమే అసలు పని. అందుకు ఆ టీమ్‌లు ఆ మ్యాప్ ఆడిన పాత మ్యాచ్‌లు కూర్చుని చూడాల్సిందే, వేరే దారి లేదు.

స్కోరుని కూడా ఉన్నదున్నట్టు నమ్మకండి. న్యూక్ చాలాకాలంగా సీటీ సైడ్‌కి, అంటే కాపలా కాసే పక్షానికి అనుకూలమైన మ్యాప్. హాఫ్‌టైమ్‌కి పక్షాలు మారతాయి కాబట్టి, అక్కడ సీటీ ఆడి అప్పటికి 7-5తో ముందున్న టీమ్ నిజానికి వెనకబడి ఉందనే నేను లెక్కేస్తాను. మార్కెట్ ఆ 7ని చూసి ధర పెంచిన సందర్భాలు చాలా చూశాను.

ఇక లైవ్ ట్రేడింగ్. ఒక రాత్రి స్కోరు 9-9. స్ట్రీమ్‌లో నా టీమ్‌వాళ్లు నలుగురు మిగిలారు, అవతల ఇద్దరే. 54 సెంట్లకి 200 కాంట్రాక్టులు పెట్టాను. నొక్కీ నొక్కగానే మొత్తం ఆర్డర్ నిండిపోయింది, ఎవరో అమ్మడానికే కాచుకుని కూర్చున్నట్టు. ధర 49కి జారింది, తర్వాత 41. నా తెర మీద మాత్రం ఆ నలుగురూ ఇంకా బతికే ఉన్నారు. కాసేపటికి కళ్లముందే ఒక్కొక్కరూ పడిపోయారు. మనకి స్ట్రీమ్ ఆలస్యంగా వస్తుంది, మనకంటే ముందే డేటా అందేవాళ్లు అవతల ఉంటారు. 26 డాలర్ల నష్టానికి అమ్మేసి బయటపడ్డాను. ఆ రోజు నుంచి వీటోకీ మొదటి పిస్టల్ రౌండ్‌కీ (ఆట మొదలయ్యే రౌండ్‌కి) మధ్యే కొంటున్నాను, అదీ లిమిట్ ఆర్డర్‌తోనే, అంటే ఇంతకంటే ఎక్కువకి కొననని ధర పెట్టే. మ్యాప్ మార్కెట్లలో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తక్కువ. తొందరపడి దొరికిన ధరకి కొంటే 5, 6 సెంట్లు అక్కడే పోతాయి.

సిరీస్ 2-0తో ముగిస్తే మూడో మ్యాప్ జరగదు. అప్పుడు ఆ కాంట్రాక్టుకి ఎంత చెల్లిస్తారన్నది కొనేముందే రూల్స్‌లో చదువుకోండి. చిన్న టోర్నమెంట్ల జోలికి అసలు వెళ్లకండి. మ్యాచ్ కావాలని ఓడిపోయినందుకు 2015లో ఐబైపవర్ టీమ్ ఆటగాళ్లని ఈ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ నిషేధించింది. మొత్తం సిరీస్ కంటే ఒక్క మ్యాప్ వదిలేయడం ఇంకా తేలిక.

మీరు హైదరాబాద్ నుంచి అడుగుతున్నానని రాశారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ని గుర్తించింది కానీ, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. తెలంగాణలో వాటిని నిషేధించే రాష్ట్ర చట్టం 2017 నుంచే ఉంది. కాబట్టి అక్కడ డబ్బు పెట్టకండి, దయచేసి. ఆసక్తి ఉంటే వీటో అవగానే మూడు మ్యాప్‌లకీ మీ అంచనా ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, మ్యాచ్ అయ్యాక పక్కన ఫలితం వేసుకోండి. నేను మొదటి 40 మ్యాప్‌లు అలా కాగితం మీదే చేశాను. అనుబిస్ విషయంలో నా అంచనాలు తప్పుతున్నాయని ఆ నోట్‌బుక్ చూశాకే తెలిసింది. ఇప్పటికీ ఆ మ్యాప్ వస్తే నేను కొనను.