‘జ్యూస్’ కాదు, జియస్: గ్రీకు దేవతల పేర్లు తెలుగులో

సందేహం: అమెరికాలో ఉంటూ వారాంతాల్లో తెలుగు పిల్లలకు తెలుగు నేర్పుతుంటాను. మా ఆరో తరగతి పిల్లలకు బడిలో ప్రాచీన గ్రీకు దేవతల పాఠం నడుస్తోంది. అక్కడ విన్న కథను తెలుగులో రాసుకురమ్మంటే, అందులోని దేవతల రాజు (Zeus) పేరును ఒకరు ‘జ్యూస్’ అని, ఒకరు ‘జూస్’ అని, మరొకరు ‘జియస్’ అని రాశారు. మొదటిది చదవగానే క్లాసంతా నవ్వులు. రాసిన బాబు చిన్నబోయాడు. వీటిలో ఏది సరైనది? ‘గ్రీకు దేవతలు’ అంటే ఆడవాళ్ళే అనుకోరా? ‘జియస్ అంటే వాళ్ళ ఇంద్రుడు’ అని ఒక పాప రాసింది. దిద్దాలా, వద్దా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: ముందు ఆ బాబుకు చెప్పండి, అతను తప్పు చేయలేదని. బడిలో టీచర్ ఎలా పలికారో అలాగే రాశాడు. అయితే ఆ పలుకు ఇంగ్లీషు వాళ్ళది. గ్రీకులో ఆ పేరులో ఎ, ఉ అనే రెండు అచ్చులు కలిసి ఒక్కటిగా పలుకుతాయి. ‘జెఉస్’ అన్నట్టు ఉంటుంది. అలాంటి జంట అచ్చు మనకు లేదు. రెండు అచ్చుల జాడా కొంతైనా మిగిలేది ‘జియస్’లోనే కాబట్టి నా ఓటు దానికే.

అసలు సంగతి ఈ ఒక్క పేరుతో తీరేది కాదు. గ్రీకు పేర్లను మనం ఇంగ్లీషు మీదుగా తెచ్చుకుంటున్నాం. ఆ దారిలో పోగొట్టుకుంటున్నవి చాలావరకు మన లిపిలో ఉన్న ధ్వనులే. గ్రీకులో ఎ–ఏ, ఒ–ఓ వేరువేరు అక్షరాలు. తెలుగులోనూ అంతే. ఆ తేడా లేకపోతే మనకు నెలకూ నేలకూ, కొనకూ కోనకూ తేడా ఉండదు. సంస్కృతంలో హ్రస్వమైన ఎ, ఒ లేవు. దీనికి రుజువు మనం రోజూ వాడే మాటలోనే ఉంది. ‘కెన్త్రొన్’ అనే గ్రీకు మాట సంస్కృత జ్యోతిశ్శాస్త్రంలోకి వచ్చినప్పుడు ఎకారం ఏకారమై ‘కేంద్రం’ అయింది. జ్యోతిషంలోని ‘హోర’ కూడా గ్రీకు నుంచి వచ్చిందే. కేంద్ర ప్రభుత్వం, పరీక్షా కేంద్రం అంటున్నప్పుడల్లా మనం ఒక గ్రీకు మాట పలుకుతున్నామని పిల్లలకు చెప్పి చూడండి, వాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

గ్రీకు త, ద లు మన త, ద ల్లాగే నాలుక పళ్ళకు తగిలి పుట్టేవి. ఇంగ్లీషు మీదుగా వస్తే అవి ట, డ అవుతాయి. పంటల తల్లి పేరు గ్రీకులో ‘దేమేతేర్’. ఇంగ్లీషు దారిలో ఆమె ‘డిమీటర్’ అయ్యి, ఏదో కొలతలా వినిపిస్తోంది. ‘అఫ్రొదీతే’, ‘అర్తెమిస్’, ‘హెర్మేస్’ – ఇవన్నీ మన అక్షరాల్లో హాయిగా ఒదుగుతాయి. ‘అథేనా’లోని థ సంగతి ఇంకా బాగుంటుంది. ప్రాచీన గ్రీకులో ఆ ధ్వని మన ఒత్తు థ లాంటిదే. అక్కడి ఫ కూడా ‘ఫలం’ అని శుద్ధంగా పలికేటప్పటి ఫ లాంటిదే. ఇంగ్లీషు దారిలో ఆ ఒత్తులు పోతాయి.

ఒత్తు ఎంత పని చేస్తుందో చూపడానికి ఒక ఉదాహరణ. జియస్ తండ్రి పేరు ‘క్రొనొస్’. గ్రీకులో కాలానికి పేరు ‘ఖ్రొనొస్’. ఇంగ్లీషులో రెండూ ఒకేలా పలుకుతారు కాబట్టి, పిల్లల్ని మింగిన ఆ తండ్రే కాలదేవుడని చాలామంది అనుకుంటారు. పూర్వకాలపు గ్రీకుల్లోనే కొందరు ఈ రెంటినీ కలిపేశారు. తెలుగులో రాస్తే ఒక్క ఒత్తుతో ఇద్దరూ విడిపోతారు. మీ క్లాసులో బోర్డు మీద పక్కపక్కన రాసి చూపండి.

అలాగని వాడుకలో పాతుకుపోయిన పేర్లను పెకలించవద్దు. గ్రీకులో ‘అపొల్లోన్’ అయినా, మనకు ‘అపోలో’ అంతరిక్ష నౌక పేరుగా ఎన్నాళ్ళుగానో తెలుసు. అదే ఉంచండి.

ఇక ఇంద్రుడి మాట. ఆ పాప వాక్యానికి ఎర్ర గీత గీయకండి. పిడుగు ఆయుధంగా పట్టిన దేవతల రాజును చూసి వజ్రాయుధం గుర్తుకు రావడం మంచి చూపు. కానీ పోలిక పనిలోనే ఉంది, పేరులో లేదు. పేరును బట్టి జియస్‌కు చుట్టం వేదంలోని ‘ద్యౌః’, అంటే ఆకాశం. ‘జియస్ యొక్క’ అనడానికి గ్రీకులో ‘దిఒస్’ అంటారు, సంస్కృతంలో ‘దివః’. ఋగ్వేదం ఆరో మండలంలో ‘ద్యౌష్పితః’ అనే పిలుపు ఉంది. ఆకాశమనే తండ్రీ అని అర్థం. రోమన్ల జూపిటర్ కూడా ఆ పిలుపే. మన ‘దివి’ సంస్కృతం ద్వారా తెలుగులోకి వచ్చింది, దానిదీ అదే మూలం.

ఇక్కడే ఒక జాగ్రత్త. గ్రీకులో దేవుణ్ణి ‘థెఒస్’ అంటారు. వినగానే ‘దేవ’ గుర్తొస్తుంది. ఆ రెంటికీ చుట్టరికం లేదు. ధ్వని పోలిందని ముడి వేయకూడదు, రెండు భాషల్లోని రూపాలన్నీ క్రమంగా కలవాలి.

‘దేవతలు’ అన్న మాటపై మీ అనుమానం న్యాయమైనదే. సంస్కృతంలో ‘దేవత’ వ్యాకరణం ప్రకారం స్త్రీలింగం, ‘దేవతాః స్త్రియామ్’ అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. అర్థంలో మాత్రం దేవుళ్ళందరికీ వర్తిస్తుంది. తెలుగులో ఏకవచనం ‘దేవత’ అంటే స్త్రీయే. బహువచనంలో ఆ పట్టింపు లేదు. దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలికారు అంటే చిలికింది ఆడవాళ్ళే అని ఎవరూ అనుకోరు. కాబట్టి ‘ఒలింపస్ కొండ మీది 12 మంది దేవతలు’ అని నిస్సంకోచంగా రాయించండి. ఒక్కొక్కరి గురించి చెప్పేటప్పుడు ‘సముద్ర దేవుడు పొసేదోన్’, ‘వివాహ దేవత హేరా’ అనాలి.

క్రియలకు కూడా మన కథల పద్ధతే. రాముడు వచ్చాడు, సీత వచ్చింది అంటాం కదా! అలాగే జియస్ వచ్చాడు, హేరా అలిగింది. విభక్తి చేర్చేటప్పుడు ‘జియస్‌కు’ అన్నా సరే, పిల్లల నోట బస్సుకి, క్లాసుకి అన్నట్టు ‘జియసుకి’ అని వచ్చినా సరే. రెండోదాన్ని దిద్దకండి, హల్లుతో ఆగే మాటకు ఉకారం చేర్చుకోవడం తెలుగుకు సహజం.