వరండాలో మెషీన్లుంటే చేతిలో డబ్బున్నట్టేనా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 37. బైక్ మెకానిక్ పని మానేసి మూడేళ్లుగా ఇంటి దగ్గరే లాన్‌లో గడ్డి కోసే పాత లాన్ మోవర్లు, కలుపు, పొదలు కోసే బ్రష్ కట్టర్లు కొని, బాగుచేసి అమ్ముతున్నాను. రిపేర్లు కూడా చేస్తాను. వానాకాలంలో నెలకు నాలుగైదు అమ్ముడవుతాయి, ఎండాకాలంలో ఒకటి పోతే గొప్ప. ఏడాది మొత్తం మీద చూస్తే నెలకు 20 వేలు మిగులుతుంది. బాడుగ, పిల్లల ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 17 వేలు. తెలిసినవాళ్ల దగ్గర 50 వేల చీటీ వేశాను, నెలకు 2,500. పదకొండు నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. బెంగళూరులో ఒక గార్డెన్ కాంట్రాక్టర్ 40 పాత మెషీన్లు లాట్‌గా 1,80,000కు ఇస్తానంటున్నాడు. వాటిలో 26 లాన్ మోవర్లు. 5 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. బ్యాంకులో ఉన్న 38 వేలలో 25 వేలు తీసి, మిగతా లక్షన్నర నూటికి మూడు వడ్డీకి తెద్దామా, మా ఆవిడ నగలు కుదువ పెడదామా? పోయినేడు బ్లేడు తగిలి చెయ్యి తెగితే 20 రోజులు పని లేక రెండు మెషీన్లు కొన్న ధరకే ఇచ్చేయాల్సి వచ్చింది. మళ్లీ అలాంటి ఇబ్బంది రాకూడదనే సరుకు ఎక్కువ పెట్టుకుందామని ఆలోచన.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి వాక్యం. చెయ్యి తెగినప్పుడు ఇంట్లో డబ్బు లేక సరుకు నష్టానికి అమ్ముకున్నారు. అందుకని ఈసారి ఇంకా ఎక్కువ సరుకు, అదీ అప్పు చేసి పెట్టుకుంటానంటున్నారు. కిరాణా కొట్టువాళ్లు, చీరల వ్యాపారులు, పాత బైకులు అమ్మేవాళ్లు అందరూ ఇదే పొరపాటు చేస్తున్నారు కాబట్టే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను. వరండాలో నాలుగు మెషీన్లు కనబడుతుంటే ముప్పై, నలభై వేలు దాచుకున్నట్టే అనిపిస్తుంది. వాటిని డబ్బు చేయాలంటే మీరు లేచి తిరగాలి, కార్బొరేటర్ విప్పాలి, కొనేవాడి ముందు తాడు లాగి స్టార్ట్ చేసి చూపించాలి. చేతికి కట్టు కట్టుకుని కూర్చున్నవాడు అది చేయలేడు. డబ్బు అవసరమయ్యే రోజునే అది డబ్బుగా మారదు. అవసరం కనిపెట్టినవాడు మీకు గిట్టే ధర ఇవ్వనూ ఇవ్వడు. పోయినేడు మీకు జరిగింది అదే.

ఇక లాట్ లెక్క చూద్దాం. లాట్‌లో కొన్న సరుకులో నాలుగింట ఒకటి స్పేర్లకే పనికొస్తుందనుకుందాం. కాంట్రాక్టర్లు గోదాములో పడేసిన మెషీన్లలో ట్యాంకులో పెట్రోలు ఎండిపోయి కార్బొరేటర్ జిగట పట్టి ఉంటుంది. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు, డయాఫ్రాలు కూడా త్వరగా పాడవుతున్నాయి. టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్లలో ఆయిల్ కలపకుండా నడిపి పిస్టన్ పట్టేసినవి ఎన్ని ఉంటాయో తాడు లాగితే గాని తెలియదు. ఇదంతా నాకంటే మీకే బాగా తెలుసు. పనికొచ్చేవి 30. సగటున 9,500కు అమ్మితే 2,85,000. కొన్నది 1,80,000, స్పేర్లు ఒక్కోదానికి వెయ్యి చొప్పున 30 వేలు, లారీ బాడుగ 8 వేలు. మిగిలేది 67 వేలు.

బాగానే ఉంది కదా అంటారు. ఇప్పుడే సంక్రాంతి దాటింది. గడ్డి మళ్లీ లేచేది జూన్‌లో వానలు పడ్డాకే. అంతవరకు మీ మాట ప్రకారమే నెలకు ఒకటి. మొత్తం 30 పోయేసరికి కార్తీకమాసం వస్తుంది, అంటే పది నెలలు. లక్షన్నరకు నూటికి మూడు అంటే నెలకు 4,500. పది నెలలకు 45 వేలు. మీకు మిగిలేది 22 వేలు, నెలకు 2,200. దీనికోసం ప్రామిసరీ నోటు రాసి, సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చి, ప్రతి నెలా ఒకటో తారీఖున అప్పిచ్చినాయన ఫోన్ కోసం భయపడాలా? నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. పాత మెషీన్ల మీద అంత లాభం తెచ్చి, అందులోంచి ఆయనకిచ్చి, ఆపైన ఇల్లు గడపాలి. నాకు తెలిసి ఎవరికీ సాధ్యం కాలేదు.

పైగా ఈ లెక్కలో మీ ఇల్లు లేదు. నెలకు 17 వేలు ఎక్కడి నుంచి వస్తాయి? మెషీన్ అమ్మగా వచ్చిన 9,500లోంచే. అందులో లాభమెంతో, అసలెంతో ఇంట్లో వాళ్లకు తెలియదు, ఫీజు గడువు వచ్చినప్పుడు మీరూ చూడరు. ఏడాది చివర మెషీన్లు ఉండవు, లక్షన్నర అప్పు మాత్రం ఉంటుంది. ఇంకో మాట. అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన. ఇక్కడ లాన్ పెంచేది కొన్ని కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు, కాస్త పెద్ద ఇళ్లు. బ్రష్ కట్టరైతే చీనీ (బత్తాయి) తోటలవాళ్లు కొంటారు. మీ లాట్‌లో 26 లాన్ మోవర్లే. కొనేవాళ్లు తక్కువున్న సరుకే అందులో ఎక్కువ.

నగలు కుదువ పెట్టాలా అన్నారు. బ్యాంకులో అయితే వడ్డీ ఇంతకంటే చాలా తక్కువ. అయినా ఈ లాట్ కోసం వద్దు. మళ్లీ చెయ్యి తెగితే పోయేవి ఆమె నగలు. అప్పే కావాలంటే, చిన్న వ్యాపారులకిచ్చే ముద్రా పథకంలో శిశు కింద 50 వేల వరకు హామీ లేకుండా ఇస్తారు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఏజెంటుకు డబ్బు ఇవ్వకండి. ఫోన్ యాప్ అప్పుల మాట తలపెట్టకండి.

ఇప్పుడు ముందుగా చేయాల్సిన పని ఇది. ఆరు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,02,000, వ్యాపారానికి తెలియని ఖాతాలో ఉండాలి. మామూలు జీతగాళ్లకు మూడు నెలలు చాలంటాను. మీకు ఏటా నాలుగు నెలలు గిరాకీ ఉండదు కాబట్టి ఆరు. బ్యాంకులో ఉన్న 38 వేలను వేరే బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి అందులో వేయండి. ఫోన్‌పే, గూగుల్‌పేకు కలపకండి. కొంత ఎఫ్‌డీ చేసినా తప్పు లేదు, వడ్డీ కాస్త తగ్గినా అవసరానికి అదే రోజు తీసుకోవచ్చు. చీటీని మధ్యలో తక్కువకు పాడుకోకండి, చివరిదాకా ఉంచి 50 వేలు నేరుగా ఈ ఖాతాలోకే. అసలు చీటీ నడిపేవాళ్లు రిజిస్టర్ చేసుకున్నారా అని అడగండి. తెలిసినవాళ్లు అన్నారు కాబట్టి చేసి ఉండరని నా అనుమానం. ఇది పూర్తయ్యాక మళ్లీ అలాంటిది వేయకండి. తక్కువపడే 14 వేలకు, సీజన్‌లో అమ్మిన ప్రతి మెషీన్ నుంచి వెయ్యి రూపాయలు ముందుగా ఈ ఖాతాలో వేసి, తరువాతే మిగతాది ఇంటికి. రాబోయే శీతాకాలానికి నిండుతుంది. అందులోంచి స్పేర్లు కొనకూడదు. చవగ్గా మెషీన్ దొరికిందని ముట్టుకోకూడదు. స్కూలు ఫీజు కూడా అత్యవసరం కాదు, అది ఏటా వచ్చేదే.

రెండోది మీ చేతులు. 20 రూపాయల సురక్షా బీమా బ్యాంకులో ఉండే ఉంటుంది, ఉంచండి. కానీ అది ప్రాణం పోతేనో, కన్నో కాలో చెయ్యో శాశ్వతంగా పోతేనో ఇస్తుంది. రెండు వేళ్లు తెగి 20 రోజులు ఇంట్లో కూర్చుంటే రూపాయి రాదు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఆసుపత్రిలో పనికొస్తుంది, ఇంటి బాడుగ కట్టదు. మీకు కావాల్సింది పని చేయలేని వారాలకు వారానికి ఇంతని ఇచ్చే క్లాజు ఉన్న వ్యక్తిగత ప్రమాద పాలసీ. ఫారంలో వృత్తి దగ్గర ఏజెంటు ప్రీమియం తగ్గుతుందని ‘వ్యాపారం’ అని రాసేస్తాడు, ఒప్పుకోకండి. ఇంజన్లు, బ్లేడ్లు రిపేరు చేసే మెకానిక్ అని రాయించండి. లేదంటే క్లెయిము రోజున ఆ ఒక్క మాట పట్టుకుని తిరగ్గొడతారు. ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే టర్మ్ పాలసీ కావాలంటే ముందు ఐటీ రిటర్న్ వేయడం మొదలుపెట్టండి, ఆదాయం కాగితం మీద లేనివాళ్లకు కంపెనీలు ఇవ్వడానికి వెనకాడతాయి. బ్లేడు మీద చెయ్యి వేసే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే చేసుకోండి, దానికి ప్రీమియం లేదు.

కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి లాట్ వద్దని చెప్పండి. అడ్వాన్స్ కింద తాడు లాగి స్టార్ట్ అయిన బ్రష్ కట్టర్ ఒకటి ఇస్తాడేమో అడగండి. ఇస్తే తెచ్చుకుని జూన్ దాకా ఉంచండి. ఇవ్వనంటే ఆ 5 వేలు పోయాయనుకోండి, వాటిని రాబట్టుకుందామని లక్షన్నర అప్పులోకి దిగకండి.