ఏసీలో ఏటా గ్యాస్ నింపించాలా?

ఏసీ పాతబడింది, చల్లదనం తగ్గింది, ఏటా గ్యాస్ నింపించాలంటున్నారు, నిజమేనా అని అడిగారు. కాదండీ. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకున్నట్టే. ఆ లీకు మూయకుండా నింపిస్తే డబ్బు అక్షరాలా గాలికే.

ముందు ఫిల్టర్ తీసి చూడండి. కూకట్‌పల్లిలో మా పక్కన అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు రెండు వారాలకే జాలీ మీద బూడిదరంగు దుప్పటి పరిచినట్టు దుమ్ము! కుళాయి కింద కడిగి, నీడలో ఆరబెట్టి బిగిస్తే గాలి మళ్లీ జోరందుకుంది. బయటి యూనిట్ వెనక పావురాలు గూడు పెట్టాయేమో కూడా చూడండి.

మా హైదరాబాద్‌లో మే ఎండ పొడిగా ఉంటుంది, అసలు ఉక్క వానలు మొదలయ్యాకే. అప్పుడు 18 డిగ్రీలకి దించే బదులు, గాలిలో తేమ లాగేసే డ్రై మోడ్ పెట్టి చూడండి. లోపల నీళ్లు కారుతుంటే ముందు డ్రెయిన్ పైపు శుభ్రం చేయించండి.

కొత్తదే కొనాలంటే, రాత్రంతా వేసుకునేవాళ్లకు 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది). ఎప్పుడో గంటసేపు వాడేవాళ్లకు 3 స్టార్ చాలు.