పుండ్లు లేకపోయినా హెర్పిస్ అంటుతుందా?

ప్రశ్న: నాకు జననాంగాల దగ్గర హెర్పిస్ వచ్చిందని డాక్టర్ చెప్పారు. మావారికి ఎప్పుడూ పుండ్లు రాలేదు. మరి నాకెలా వచ్చింది?

జవాబు: ఇది సోకిన చాలామందికి ఆ సంగతే తెలియదమ్మా. చర్మం మామూలుగా ఉన్న రోజుల్లోనూ వైరస్ అప్పుడప్పుడూ పైకి వచ్చి, తాకిన వాళ్లకు అంటుతుంది. పెదవి మీద పొక్కులు తెప్పించే హెచ్‌ఎస్‌వి-1 (హెర్పిస్ వైరస్ మొదటి రకం) కూడా ముఖమైథునంతో కిందికి సోకుతుంది. మీకు సోకింది ఏళ్ల కిందటే కావచ్చు, కాబట్టి ఈ ఒక్క కారణంతో ఆయన్ని అనుమానించకండి. టాయిలెట్ సీటు వల్ల మాత్రం రాదు.

వైరస్ వెన్ను అడుగున నరాల కణుపుల్లో దాక్కుంటుంది, పూర్తిగా పోదు. మళ్లీ వచ్చే ముందు చాలామందికి అదే చోట చురుకు, దురద, తిమ్మిరి మొదలవుతాయి. అప్పటినుంచి పుండ్లు పూర్తిగా మాని, చెక్కులు రాలేదాకా కలయిక వద్దు, కండోమ్ ఉన్నా సరే. అది కప్పని చర్మం నుంచీ అంటుతుంది. మిగతా రోజుల్లో కండోమ్ ముప్పు తగ్గిస్తుంది. మీది హెచ్‌ఎస్‌వి-2 (ఈ వైరస్ రెండో రకం) అయితే, డాక్టర్ సలహాతో రోజూ వైరస్‌ను అణిచే మందు వాలసైక్లోవిర్ 500 మి.గ్రా. వేసుకుంటే ఆయనకు సోకే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. గర్భం వస్తే డాక్టరుకు ముందే చెప్పండి, కాన్పప్పుడు పుండ్లుంటే బిడ్డకు ప్రమాదం.